రోళ్లపాడు ముళ్లపొదల నుంచి పులిచారల పిట్ట దాకా: ఒక 8×42 బైనాక్యులర్‌ను రెండు శీతకాలాలు వాడి రాసిన సమీక్ష

2023 సెప్టెంబరులో పదమూడున్నర వేల రూపాయలు పెట్టి కొన్న ఒక 8×42 బైనాక్యులర్‌ను నేను రెండు శీతకాలాలు కర్నూలు చుట్టుపక్కల చేలగట్ల మీదా, రోళ్లపాడు గడ్డి నేలల్లోనూ, మధ్యలో ఒక నెల రోజులు సింగపూర్‌లో మా అమ్మాయి ఇంటికి దగ్గరగా ఉన్న అడవి అంచునా వాడాను. వాడినంత కాలం దాన్ని ఒకే కుటుంబానికి చెందిన పక్షుల మీద పరీక్షించాను. అవి ష్రైక్‌లు. వస్తువు నాకు బాగా నచ్చింది. అమ్మినవారి సేవ నచ్చలేదు. సేవ మీద ఫిర్యాదు ఉన్నందువల్ల కంపెనీ పేరు గానీ అమ్మకందారు పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. పేరు లేకపోయినా చదివేవారికి నష్టం ఉండదనుకుంటున్నాను, ఎందుకంటే ఈ ధరకు ఇవే కొలతలతో దొరికే బైనాక్యులర్లు చాలా ఉన్నాయి, వాటిలో దేన్ని చేతిలోకి తీసుకున్నా ఏమేం చూడాలన్నదే నేను చెప్పదలచుకున్నది.

ష్రైక్‌నే కొలబద్దగా ఎంచుకోవడానికి కారణం ఉంది. శాస్త్రం ప్రకారం ఇది పిచ్చుకల్లాగే పాడే పిట్టల వర్గానికి చెందినది, బతికే తీరు మాత్రం డేగది. పిడికిట్లో ఇమిడేంత ఒళ్లు, ఆ ఒంటికి మించినట్టు కనిపించే తల, కొస కిందికి వంగి పక్కన పన్నులాంటి నొక్కు ఉన్న ముక్కు దీని గుర్తులు. మిడతలతో, పేడపురుగులతో ఆగకుండా తొండపిల్లలను, చిట్టెలుకలను, ఒక్కోసారి తనకన్నా చిన్న పిట్టలను కూడా పడుతుంది. వేటను అదిమిపట్టగల బలం డేగ కాళ్లకు ఉన్నట్టు దీని కాళ్లకు లేదు కనుక, పెద్ద వేటను ముల్లుకో ముళ్లతీగకో గుచ్చి, అక్కడ చీల్చుకుని తింటుంది, మిగిలినదాన్ని అక్కడే దాచుకుంటుంది. ఈ ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన లానియస్ అనే లాటిన్ పేరుకు కసాయి అని అర్థం.

ఇలాంటి పక్షిని గుర్తుపట్టడానికి ఆధారాలన్నీ చిన్నవి. కంటి మీద నల్లపట్టీ నుదుటి దాకా వచ్చిందా లేదా, ఆ పట్టీ పైన తెల్లని కనుబొమ గీత ఉందా, మడిచిన రెక్క మీద తెల్లమచ్చ ఉందా, వీపు ఒకే రంగుగా ఉందా లేక సన్నని అడ్డచారలున్నాయా అన్నవే ఒక జాతిని మరో జాతి నుంచి వేరు చేస్తాయి. మన ప్రాంతపు ష్రైక్‌లు పొద కొసన, కరెంటు తీగ మీద, అందరికీ కనబడేటట్టు కూర్చుంటాయి గానీ, వాటి వెనక ఆకాశం కళ్లు చెదిరేటట్టు తెల్లగా ఉంటుంది. తూర్పు ఆసియా అడవులకు చెందిన టైగర్ ష్రైక్ దీనికి భిన్నంగా ఆకుల మధ్య, నీడలో కూర్చుంటుంది. మండే వెలుగులోనూ చిక్కటి నీడలోనూ ఆ చిన్న గుర్తులను చూపగలిగిన అద్దం మిగతా పిట్టలకు సరిపోకుండా ఉండదు.

ముందు అంకెల సంగతి చెప్పాలి, ఎందుకంటే కొనేవారు మోసపోయేది అక్కడే. 8 అంటే ఎనిమిది రెట్లు, అంటే నలభై మీటర్ల దూరాన ఉన్న పిట్ట ఐదు మీటర్ల దూరాన ఉన్నట్టు కనిపిస్తుంది. 42 అన్నది ముందు కటకం వ్యాసం, మిల్లీమీటర్లలో. రెండో అంకెను మొదటి అంకెతో భాగిస్తే వచ్చే 5.25 మిల్లీమీటర్లు, కంటివైపు నుంచి బయటికి వచ్చే వెలుగు వృత్తం వ్యాసం. అదే 42 మిల్లీమీటర్ల కటకంతో పది రెట్లు చూపే బైనాక్యులర్‌లో ఈ వృత్తం 4.2 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. నడి మధ్యాహ్నం మన కంటిపాప రెండు మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుని ఉంటుంది కనుక ఆ తేడా తెలియదు. తెల్లవారుజామున, మునిమాపు వేళ, చెట్ల నీడలో పాప విప్పారినప్పుడు తెలుస్తుంది. వయసు మీదపడేకొద్దీ పాప విప్పారడం కూడా తగ్గుతుంది కనుక, అరవై దాటిన నాలాంటి వారికి ఐదు మిల్లీమీటర్ల వృత్తం సరిపోతుంది, అంతకు మించి పెట్టే ఖర్చు, మోసే బరువు చాలా వరకు వృథా.

కర్నూలులో నేను అడిగిన ఒకటి రెండు దుకాణాల్లో, ముందు కటకాలు ఎర్రగా తళతళలాడే, ఇరవై రెట్లు, ముప్పై రెట్లు అని పెట్టె మీద రాసి ఉన్న వాటిని చూపించారు. దయచేసి వాటి జోలికి పోవద్దు. ఆ ఎర్రపూత ఎర్రని వెలుగును వెనక్కి కొట్టేస్తుంది, లోపలికి వచ్చే బొమ్మ పచ్చగా, చల్లగా మారుతుంది. ష్రైక్‌ను గుర్తుపట్టడానికి మనకు కావలసినవే కావి రంగు, ఇటుక రంగు, గోధుమ రంగు. ఆ రంగులనే తినేసే అద్దంతో ఏం చూస్తాం? పైగా ఇరవై రెట్లు పెద్దది చేస్తే చేతి వణుకు కూడా ఇరవై రెట్లు పెద్దదవుతుంది, స్టాండు లేకుండా పిట్టను నిలకడగా చూడడం సాధ్యం కాదు.

నా బైనాక్యులర్ రూఫ్ ప్రిజం రకానిది, అంటే గొట్టాలు రెండూ తిన్నగా ఉంటాయి. లోపల నైట్రోజన్ వాయువు నింపి మూసివేశారు, అందువల్ల లోపలి అద్దాలకు చెమ్మ పట్టదు. చూపు వెడల్పు వెయ్యి మీటర్ల దూరాన 126 మీటర్లు, అంటే సుమారు 7.2 డిగ్రీలు. బరువు ఆరువందల యాభై గ్రాములకు కాస్త అటూ ఇటూ.

మొదటి పరీక్ష రోళ్లపాడులో జరిగింది. నందికొట్కూరు మీదుగా వెళ్లే ఈ చోటు, 1988లో అభయారణ్యంగా ప్రకటించిన 614 హెక్టార్ల గడ్డి భూమి, బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) పేరుతో దేశమంతా తెలిసింది. 2022లో జిల్లాలను విభజించాక అది నంద్యాల జిల్లాలోకి వెళ్లింది గానీ, మావంటి పాతవారి నోట ఇప్పటికీ కర్నూలు రోళ్లపాడే. బట్టమేక పిట్టను అక్కడ చూసే భాగ్యం నాకు కలగలేదు, ఆ బాధ వెళ్లిన ప్రతిసారీ ఉంటుంది. అయితే కృష్ణజింకలు, చుట్టూ ఉన్న శనగ చేలు, ఆ చేలగట్ల మీది రేగుపొదలు, సర్కారు తుమ్మ చెట్లు ఉన్నాయి. ఆ ముళ్లే ష్రైక్‌కు వంటిల్లు.

నవంబరు ఉదయం ఏడు గంటలకు, అభయారణ్యం బయట నల్లరేగడి చేలగట్టు మీద, ఒక రేగుపొద కొసన బే-బ్యాక్డ్ ష్రైక్ కూర్చుని ఉంది. తోకతో కలిపి పద్దెనిమిది సెంటీమీటర్ల లోపు ఉండే పక్షి ఇది: బూడిద రంగు తల, నుదుటి దాకా పాకిన కాటుకపట్టీ, ముదురు కావి రంగు వీపు, రెక్క మీద తెల్లమచ్చ. పొద్దు దాని వెనక నుంచి వస్తోంది. చవక బైనాక్యులర్‌తో ఈ స్థితిలో కనిపించేది ఒక నల్లని ముద్ద మాత్రమే. దీంతో తల బూడిద రంగూ, వీపు కావి రంగూ వేరువేరుగా తెలిశాయి, రెక్క మీది మచ్చ స్పష్టంగా కనబడింది. కానీ పిట్ట అంచు చుట్టూ, ముఖ్యంగా తోక పొడవునా, ఊదారంగు గీత ఒకటి సన్నగా మెరిసింది. తెల్లని ఆకాశం మీద నల్లని అంచు ఉన్నప్పుడల్లా ఈ ఊదాగీత వస్తుంది. చూపు మధ్యలో తక్కువ, అంచులకు పోయేకొద్దీ ఎక్కువ. పొద్దు మరీ దిగువన ఉన్నప్పుడు అద్దం కింది సగంలో పాలు కలిపినట్టు వెల్లదనం కూడా కమ్ముకుంటుంది. ఈ ధరలో ఈ రెండు లోపాలూ పూర్తిగా లేని బైనాక్యులర్‌ను నేను చూడలేదు. పిట్టను గుర్తుపట్టడానికి ఇవి అడ్డు రాలేదు, చూసిన ఆనందాన్ని మాత్రం కొంత తగ్గించాయి.

ఆ ఉదయమే గొర్రెలు తోలుకుంటూ వచ్చిన ఒక పెద్దాయన నేను దేనికేసి చూస్తున్నానో గమనించి, ఆగి, "సార్, అది ముండ్లకు మిడతల్ని గుచ్చిపెట్టుకుంటాది, మళ్లా వచ్చి తింటాది, మా చిన్నప్పటి నుంచి సూస్తాండాం" అన్నాడు. ఆయనకు బైనాక్యులర్ ఇచ్చాను. అంతకుముందు ఎప్పుడూ అలాంటిది కళ్లకు ఆనించని మనిషి, మధ్య మడతను తన కళ్ల ఎడానికి సరిపోయేటట్టు నేను కాస్త ముడిచి ఇచ్చాక, నాలుగైదు క్షణాల్లోనే పిట్టను పట్టుకున్నాడు. "యాబ్బా, కన్ను గూడా కనపడతాంది సార్" అన్నాడు. కొత్తవారి చేతికి ఇచ్చినప్పుడు ఎంత త్వరగా పిట్ట దొరుకుతుందన్నది నా దృష్టిలో ఒక బైనాక్యులర్‌కు పెద్ద పరీక్ష. చూపు వెడల్పుగా ఉండడమే ఇక్కడ పనిచేసింది. పది రెట్ల వాటిలో వెడల్పు తగ్గిపోయి, పిట్టను వెతుక్కునే లోపే అది మిడత మీదికి దూకేస్తుంది.

ఉదయం పది దాటాక మాత్రం ఏ బైనాక్యులర్ అయినా ఒకటే. నల్లనేల కాగి, గాలి సెగలా కదులుతూ ఉంటే, వంద మీటర్ల అవతల ఉన్న గ్రేట్ గ్రే ష్రైక్, మన ష్రైక్‌లలో పెద్దది, నీళ్లలో ఉన్నట్టు అల్లాడుతూ కనిపించింది. అది అద్దం తప్పు కాదు. ఎక్కువ రెట్లున్న అద్దం ఆ అల్లాటను ఇంకా పెంచి చూపుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. రాయలసీమ ఎండలో ఎనిమిది రెట్లు చాలు అని నేను అనడానికి ఇదీ ఒక కారణం.

గార్గేయపురం చెరువు పక్కన తుమ్మచెట్ల దగ్గర చూసిన బ్రౌన్ ష్రైక్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. సైబీరియా, మంగోలియా నుంచి తూర్పు ఆసియా దాకా గూళ్లు కట్టి, ఎండకాలం అయిపోయాక మన దేశానికి, ఆగ్నేయాసియాకు వచ్చే వలస పక్షి ఇది. ఒక చోటు ఎంచుకుంటే శీతకాలమంతా ఆ చోటును కాపు కాస్తుంది, మరో ష్రైక్ వస్తే గరగరమని అరిచి తరుముతుంది. పేరుకు తగ్గట్టే గోధుమ రంగు వీపు, దాని మీద చారలు ఉండవు, నల్లపట్టీ పైన తెల్లని కనుబొమ గీత ఉంటుంది. సాయంత్రం ఆరుకు, వెలుగు సన్నగిల్లాక, ఆ గోధుమ రంగు నా బైనాక్యులర్‌లో గోధుమ రంగుగానే నిలిచింది. పక్కన స్నేహితుడి 8×25 జేబు బైనాక్యులర్‌లో అదే పిట్ట బూడిద ముద్దగా మారిపోయింది. ఎనిమిదితో ఇరవై ఐదును భాగిస్తే వచ్చేది మూడు మిల్లీమీటర్ల చిల్లర. ఆ లెక్క ఆ సాయంత్రం కళ్లకు కట్టింది.

ఇక అసలు పరీక్ష. 2024 సెప్టెంబరులో సింగపూర్ వెళ్లినప్పుడు దీన్ని చేతి సంచిలోనే పెట్టుకుని తీసుకెళ్లాను. మా అమ్మాయి వాళ్లు ఉండేది బుకిత్ తిమా వైపు, నడిచి పోగలిగినంత దూరంలో చెట్లు దట్టంగా అల్లుకున్న గట్టు ఉంది. నేను అక్కడ వెతికింది టైగర్ ష్రైక్ కోసం. నాకు నేను దాన్ని పులిచారల పిట్ట అని పిలుచుకుంటాను. రష్యా తూర్పు కొసన ఉసూరీ ప్రాంతంలో, తూర్పు చైనాలో, కొరియాలో, జపాన్‌లో అడవుల అంచుల్లో అది గూడు కడుతుంది. వలస కాలంలో మలయా ద్వీపకల్పానికి, సుమత్రా, జావా, బోర్నియోలకు దిగివస్తుంది. జపాన్‌లో దాని సంఖ్య గత కొన్ని దశాబ్దాలలో బాగా పడిపోయింది. దానికి శాస్త్రనామం పెట్టింది బెల్జియం ప్రకృతి శాస్త్రజ్ఞుడు డ్రాపియే, 1828లో. మన కర్నూలు పొలాల్లో అది కనబడే పక్షి కాదు. మరి నాకు దాని మీద ఇంత ఆశ ఎందుకంటే, మగపిట్ట వేషం దాదాపుగా మన బే-బ్యాక్డ్ ష్రైక్ వేషమే: బూడిద తల, కాటుకపట్టీ, కావి వీపు, తెల్లని పొట్ట, ఒంటి పొడవు కూడా అంతే. రెక్క మీద తెల్లమచ్చ ఉండదు, కావి రంగు వీపు నిండా సన్నని నల్లని అడ్డచారలు ఉంటాయి. ఆ చారలే దానికి పులి పేరు తెచ్చాయి. రోళ్లపాడు చేలగట్టు మీద నేను ఏళ్ల తరబడి చూసిన ముఖం, వేల మైళ్ల అవతలి అడవిలో మరో చొక్కా వేసుకుని ఉంటుందన్న ఆలోచన నన్ను వదల్లేదు.

మొదటి రోజు ఉదయం పూర్తిగా వృథా అయింది. ఏసీ గదిలో చల్లబడిన బైనాక్యులర్‌ను ఆ ఉక్క గాలిలోకి తేగానే నాలుగు అద్దాల మీదా ఆవిరి కమ్ముకుంది, తుడిచిన కొద్దీ మళ్లీ పట్టింది. లోపల నింపిన నైట్రోజన్ లోపలి అద్దాలనే కాపాడుతుంది, బయటి అద్దాలకు దానితో సంబంధం లేదు. ఈ సంగతిని ప్రకటనల్లో ఎవరూ విడమరచి చెప్పరు. "నాన్నా, రాత్రే తీసి బాల్కనీలో పెట్టు, పొద్దునకి బయటి గాలికి సరిపడి ఉంటుంది" అని మా అమ్మాయి చెప్పింది, మరుసటి రోజు నుంచి అదే చేశాను, మళ్లీ ఆవిరి బాధ రాలేదు. కర్నూలులో ఇరవై ఏళ్లు వాడినా ఈ పాఠం తెలిసేది కాదేమో.

నాలుగో రోజు, ఉదయం ఏడున్నరకు, కాలిబాట మలుపు తిరిగే చోట, తల ఎత్తున ఉన్న కొమ్మ మీద ఏదో కదిలింది. కదిలి, లోపలికి జరిగి, ఆకుల వెనక కూర్చుంది. కంటితో చూస్తే అక్కడ నీడ తప్ప ఏమీ లేదు. బైనాక్యులర్ ఎత్తాను. ముందు కన్ను కనిపించింది, ఆ తలకు పెద్దదనిపించే నల్లని కన్ను. తర్వాత ముక్కు: లావుగా, మొదట్లో గులాబీ రంగుతో, కొసన నల్లబడి, కొక్కెంలా వంగి ఉంది. అది పిల్లపిట్ట, ఆ ఏడాది పుట్టినది. పిల్లపిట్టకు నల్లపట్టీ ఇంకా రాదు, తల బూడిద రంగులోకి మారదు, అందుకే దాన్ని బ్రౌన్ ష్రైక్ పిల్లగా పొరబడడం చాలా సులభం. బ్రౌన్ ష్రైక్ పిల్లకు కంటి వెనక ముదురు పట్టీ, దాని పైన లేత గీత ఉంటాయి, తోక సన్నగా పొడుగ్గా ఉంటుంది. నా ఎదుట ఉన్నదాని ముఖం మీద పట్టీ లేదు, కంటి చుట్టూ లేత రంగు ఉంది, తోక పొట్టిది. అయినా వీపు చూస్తే తప్ప నేను పేరు రాయను. అది ఇటు తిరిగే దాకా ఇరవై నిమిషాలు నిలబడ్డాను. తిరిగింది. ఇటుక ఎరుపు కలిసిన గోధుమ వీపు మీద, మెడ మొదలు నుంచి తోక మొదలు దాకా, చేప పొలుసుల వరసల్లా నల్లని చారలు, ఒక్కొక్కటి వేరుగా, లెక్కపెట్టగలిగేటట్టు కనిపించాయి.

ఆ నీడలో ఆ చారలను విడివిడిగా చూపినందుకే ఈ బైనాక్యులర్‌కు నేను పెట్టిన డబ్బంతా చెల్లిపోయిందని అనుకుంటున్నాను. వెనక పొద్దు లేదు కనుక ఊదాగీత ఊసే లేదు, రంగులు వెచ్చగా, ఉన్నవి ఉన్నట్టుగా వచ్చాయి. రోళ్లపాడు ఎండలో ఇది మంచి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి అయితే, ఆ అడవి నీడలో తరగతిలో మొదటిది. తిరుగు ప్రయాణానికి మూడు రోజుల ముందు ఒక పెద్ద మగపిట్టను కూడా అక్కడే చూశాను, ఒక్క నిమిషం పాటు. నోట్లో పెద్ద పురుగు ఉంది, దాన్ని కొమ్మకేసి రెండు సార్లు బాది, మింగి, వెళ్లిపోయింది. తల మాత్రం అచ్చం మన కర్నూలు పిట్టదే.

బైనాక్యులర్ చూపలేనిది కూడా ఒకటుంది. ష్రైక్ తన వేటను మెడ దగ్గర కరిచి విదిలించడం కంటికి ఒక మసక కదలికలా మాత్రమే అందుతుంది. అమెరికాలోని లాగర్‌హెడ్ ష్రైక్‌లను వేగంగా తీసే కెమెరాతో చిత్రించి 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఆ విదిలింపు సెకనుకు సుమారు పదకొండు సార్లు జరుగుతుంది, వేటపడిన ఎలుక ఒంటి మీద పడే తాకిడి భూమ్యాకర్షణకు ఆరు రెట్లు ఉంటుంది. ఎంత మంచి అద్దమైనా మన కంటి వేగాన్ని పెంచదు.

అయితే దగ్గరి చూపు విషయంలో ఇది నన్ను ఆశ్చర్యపరచింది. రెండున్నర మీటర్ల దూరంలోని వస్తువు మీద కూడా స్పష్టంగా కుదురుతుంది. జపాన్‌లో మోజు అని పిలిచే బుల్-హెడెడ్ ష్రైక్ ముళ్లకు గుచ్చి దాచిన వేటను అక్కడివారు హయనియే అంటారు. జత కట్టే కాలానికి ముందు ఆ నిల్వలను బాగా తిన్న మగపిట్టలు వేగంగా పాడగలుగుతాయని, అలా పాడినవాటికే ఆడపిట్టలు త్వరగా దక్కుతాయని 2019లో అక్కడి పరిశోధకులు చూపారు. అది చదివిన నాటి నుంచి రోళ్లపాడు రేగుపొదల్లో గుచ్చిన మిడతల కోసం వెతుకుతున్నాను. పొద దగ్గరికి పోయి చేతులు పెడితే పిట్ట ఆ చోటు వదిలేస్తుందేమోనన్న భయం ఉంటుంది. మూడు మీటర్ల దూరంలో ఆగి, ముల్లు ఏ భాగంలో దిగింది, తల ఉందా, కాళ్లు ఉన్నాయా అన్నవి కూడా అద్దంలోనే చూసుకుంటున్నాను. గత జనవరిలో ఒక్క పొదలో నాలుగు మిడతలు, ఒక తొండపిల్ల కనిపించాయి.

చేతికి, కంటికి సంబంధించిన మాటలు కొన్ని. నేను కళ్లద్దాలు తీయకుండానే చూస్తాను. కంటివైపు రబ్బరు కప్పులను లోపలికి తిప్పేస్తే చూపు అంచులు కోసుకుపోకుండా మొత్తం వృత్తం కనిపిస్తుంది. కళ్లద్దాలు లేనివారు బయటికి తిప్పుకోవాలి. కొనేముందు మీ కళ్లద్దాలతోనే చూసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే ఇవే అంకెలున్న మరో బైనాక్యులర్‌లో నాకు సగం చూపే దొరికింది. మధ్య చక్రం మెత్తగా తిరుగుతుంది, దూరం నుంచి దగ్గరికి రావడానికి మాత్రం చుట్టున్నర తిప్పాలి, పిట్ట ఎగిరి దగ్గరి పొద మీద వాలితే ఆ ఆలస్యం తెలుస్తుంది. ఎనిమిదేళ్ల మా మనవడు దీన్ని కళ్లకు పెట్టుకుని "తాతా, నాకు రెండు సున్నాలు కనిపిస్తున్నాయి" అన్నాడు. పిల్లల కళ్ల మధ్య ఎడం తక్కువ, ఈ గొట్టాలు అంత దగ్గరికి ముడుచుకోవు. పిల్లల కోసం కొనేవారికి ఇది పనికిరాదు. పెట్టెలో వచ్చిన మెడతాడు సన్నగా ఉండి అరగంటకే మెడ నొప్పి తెచ్చింది. దాన్ని పక్కన పెట్టి, భుజాల మీదుగా ఛాతీకి కట్టుకునే రకం వేరుగా కొన్నాను, అది వాడితే నాలుగు గంటలైనా బరువు తెలియదు.

సేవ సంగతికి వస్తాను. ఎనిమిదో నెలలో కుడి కంటి సవరణ వలయం వదులైంది. మన రెండు కళ్ల చూపులో తేడా ఉంటే సరిచేసుకోవడానికి ఇచ్చిన వలయం అది. ఒకసారి పెట్టుకుంటే కదలకూడదు. ఇది సంచిలోంచి తీసిన ప్రతిసారీ తిరిగిపోయి, ఒక కంట్లో పిట్ట స్పష్టంగానూ మరో కంట్లో మసకగానూ కనిపించడం మొదలైంది. వారంటీ ఉంది కదా అని అమ్మకందారుకు రాస్తే, కొన్న రసీదు చాలదని, మొదటి పెట్టె కూడా కావాలని, పంపే ఖర్చు నేనే భరించాలని అన్నారు. పంపాను. చేరిందన్న కబురు లేదు, నాలుగుసార్లు ఫోన్ చేశాక బాగవుతోందని చెప్పారు, ఇరవై ఆరు రోజులకు తిరిగి వచ్చింది. వలయం బాగా బిగించారు, ఈనాటి వరకు కదల్లేదు. కానీ అద్దాల మూతలలో ఒకటి రాలేదు, అడిగితే జవాబు లేదు. వస్తువు తయారీలో ఇంత శ్రద్ధ కనబడుతుంటే, కొన్నవారి పట్ల ఇంత నిర్లక్ష్యం చూపడం నాకు బాధ కలిగించింది. ఎక్కడ కొన్నా పెట్టెను పారేయకండి, సవరణ వలయం బిగువును కొన్న రోజే పరీక్షించండి.

కొన్న రోజు చేయదగిన మరో పరీక్ష ఉంది. సాయంత్రం వేళ, కరెంటు తీగ మీద కూర్చున్న ఏదైనా పిట్టను ఆకాశం వెనక ఉండగా చూడండి, తర్వాత అదే దూరంలో వేపచెట్టు లోపలి కొమ్మను చూడండి. మొదటిదానిలో ఊదాగీత కాస్త ఉన్నా ఫర్వాలేదు. రెండోదానిలో బెరడు పగుళ్లు విడివిడిగా కనిపించకపోతే తిరిగి ఇచ్చేయండి. చెరువుల్లో దూరాన ఉన్న బాతులను, కొంగలను మాత్రమే చూడదలచినవారికి నేను దీన్ని సూచించను, వారికి స్టాండు మీద నిలిపే స్పాటింగ్ స్కోప్ మేలు. చేలగట్ల మీద, పొదల మధ్య, అడవి అంచున నడుస్తూ చూసేవారికి, కళ్లద్దాలు ఉన్నవారికి, ఈ ధరలో ఇంతకన్నా మంచిది నాకు తెలియదు.

మన ప్రాంతపు దుమ్ము గురించి ఒక మాట. కొన్న మొదటి వారంలోనే, నందికొట్కూరు రోడ్డు మీద లారీ లేపిన దుమ్మును తువ్వాలు అంచుతో తుడిచాను. నాపరాతి పొడి కలిసిన ఆ దుమ్ము కుడి ముందు కటకం పూత మీద వెంట్రుకవాసి గీత ఒకటి మిగిల్చింది. చూపుకు అది అడ్డు రావడం లేదు. అప్పటి నుంచి గాలి ఊదే రబ్బరు బుడ్డి, మెత్తని కుంచె సంచిలోనే ఉంటున్నాయి. ముందు ఊది, కుంచెతో దులిపి, ఆ తర్వాతే గుడ్డ తాకిస్తున్నాను.